వంకలో ఎర్రమచ్చ

"ఇదేందబ్బీ, మైకు స్టాండా?"

పోయినేడాది దీపావళి సెలవులకు బెంగళూరు నుంచి మంగంపేటకి వెళ్లినప్పుడు, నా భుజానికి వేలాడుతున్న పొడుగు గొట్టాన్ని చూసి మా మామ అడిగిన మొదటి మాట ఇది. "కాదు మామా, గాలం" అన్నా. మామ గొట్టం మూత తీసి లోపలికి తొంగిచూశాడు. నాలుగు ముక్కలుగా ఉన్న రాడ్డు, ఒక రీలు, పసుప్పచ్చ తాడు. "ఎంతయింది?" అన్నాడు. సగం రేటు చెప్పా. అది విన్నాక కూడా ఆయన కాసేపు ఏం మాట్లాడలేదు.

మీలో చాలామందికి ఈ జబ్బు తెలిసే ఉంటుంది. రాత్రి రెండింటిదాకా వీడియోలు చూడటం, తెల్లారేసరికి అది మన జీవితాశయం అయిపోవడం, నెలాఖరుకి కార్డు బిల్లు రావడం. కొందరికి కాఫీ మెషిన్లు, కొందరికి సైకిళ్లు. నాకు ఫ్లై ఫిషింగ్ పట్టుకుంది. ఎక్కడో అమెరికా కొండల్లో, చెట్లు కమ్మేసిన సన్నటి వాగులో ఒకాయన మోకాళ్ల మీద పాక్కుంటూ పోయి జానెడు ట్రౌట్ చేపను పట్టి, తడి చేత్తో నిమిరినట్టుగా పట్టుకుని మళ్లీ నీళ్లలో వదిలేస్తాడు. అంతే వీడియో. మాటల్లేవు. రోజంతా స్టాండప్ కాల్స్‌లో మాట్లాడి మాట్లాడి అలిసిపోయినవాడికి అంతకంటే ఏం కావాలి?

ఇంకో కారణం కూడా ఉంది. ఆ వాగు అచ్చం మా ఊరి వంకలా ఉంది. సన్నగా, లోతు తక్కువగా, రెండు గట్ల నుంచి చెట్లు వంగి కప్పేసినట్టు. తేడా ఒక్కటే. అక్కడ నీళ్లు ఏడాదంతా పారతాయి. మా దగ్గర నాలుగైదు నెలలు పారితే గొప్ప.

బరువున్న ఊరు, బరువు లేని ఎర

మంగంపేట పేరు మీరు వినకపోవచ్చు గానీ మా ఊరి రాయి ప్రపంచమంతా తిరిగింది. బెరైటీస్. మా వాళ్ల భాషలో ముగ్గురాయి. ప్రపంచంలో ఉన్న అతిపెద్ద బెరైటీస్ నిక్షేపాల్లో మాది ఒకటి. పెట్రోలు బావులు తవ్వేటప్పుడు లోపలి ఒత్తిడికి చమురు, గ్యాసు ఎగదన్నకుండా బురద లాంటి ద్రావణం పంపిస్తారు. ఆ బురదకి బరువు రావాలంటే ఈ రాయి పొడి కలపాలి. మామూలు రాయి నీళ్లకంటే రెండున్నర రెట్ల పైచిలుకు బరువుంటే, ముగ్గురాయి నాలుగు రెట్లు దాటుతుంది. చేతిలోకి తీసుకుంటే తెలుస్తుంది, చిన్న ముక్కే గానీ చెయ్యి కిందికి జారుతుంది.

చిన్నప్పుడు మాకు ఈ సైన్సంతా తెలీదు. గాలానికి సీసం గుండు కొనడానికి డబ్బుల్లేక ముగ్గురాయి పెచ్చు ఒకటి దారానికి బిగించేవాళ్లం. వెదురు కర్ర, నైలాను దారం, రాయి పెచ్చు, కొక్కేనికి ఎర్ర, పైన తేలడానికి జొన్నదంటు బెండు. ఇదే మా గాలం. నేర్పింది మామే. మా అమ్మకి తమ్ముడు. అప్పట్లో పొడి మిల్లులో పని చేసేవాడు, ఇప్పుడు కోడూరు వైపు ఒక బొప్పాయి తోట చూసుకుంటున్నాడు.

ఫ్లై ఫిషింగ్‌లో కథ దీనికి సరిగ్గా రివర్సు. ఇక్కడ ఎర ఉండదు. ఫ్లై అంటే ఈగ. కొక్కేనికి ఈక, వెంట్రుక, దారం చుట్టి పురుగులా కనిపించేలా చేస్తారు. దానికి బరువే ఉండదు. బరువు లేనిదాన్ని దూరం విసరడం ఎలా? అందుకే తాడునే బరువుగా, లావుగా తయారు చేస్తారు. రాడ్డుతో ఆ తాడుని వెనక్కి ఊపి, అది గాల్లో పూర్తిగా సాగాక ముందుకి ఊపితే, తాడు వెళ్తూ వెళ్తూ ఈగని మోసుకుపోతుంది. మన గాలంలో రాయి దారాన్ని లాక్కెళ్తుంది. అక్కడ దారమే ఈగని మోసుకెళ్తుంది.

ఇక ట్రౌట్ సంగతి. అది చల్లటి నీటి చేప. నీళ్లు 20 డిగ్రీలు దాటితే దానికి ఇబ్బంది మొదలు. మన దేశంలో దాన్ని బ్రిటిష్ వాళ్లు తెచ్చి వదిలారు. 1900 ప్రాంతంలో ఓడల్లో గుడ్లు తెప్పించి కాశ్మీరులో పెంచారు. ఆ తర్వాత కొన్నేళ్లకి నీలగిరుల్లో అవలాంచి దగ్గర హేచరీ పెట్టారు. ఎండాకాలం 40 దాటే మా కడప సీమలో ట్రౌట్ బతకడం కల్ల.

కానీ ఫ్లై ఫిషింగ్‌కి ట్రౌటే ఉండాలని రూలేం లేదు. మద్రాసు సివిల్ సర్వీసులో పనిచేసిన హెన్రీ సలివన్ థామస్ అనే ఆయన 1873లోనే 'ది రాడ్ ఇన్ ఇండియా' అని పుస్తకం రాశాడు. మన ఏళ్లలోని చేపల్ని గాలంతో, ఫ్లైతో ఎలా పట్టాలో చెప్పే పుస్తకం. తర్వాత 1887లో చెరువుల్లో గాలం వెయ్యడం మీదే ఇంకో పుస్తకం రాశాడు. పైకి తేలే పురుగుని తినే చేప ఏదైనా సరే, ఈగకి పడుతుంది. మన వంకల్లో అలాంటివి బోలెడు. పరకలు, చిన్నచిన్న వెండి చేపలు సాయంత్రం పూట నీటి మీద చుక్కలు పెట్టినట్టు పైకొచ్చి పురుగుల్ని అందుకోవడం మీరూ చూసే ఉంటారు.

మొదటి రోజు స్కోరు: కంపచెట్టు 11, నేను 0

వంక పేరు చెప్పను. ఎందుకో తర్వాత మీకే అర్థమవుతుంది. కొండల వైపు నుంచి వస్తుంది. వానలు పడ్డాక మోకాల్లోతు నీళ్లు, అక్కడక్కడా నడుముదాకా మడుగులు. గట్ల మీద కానుగ, వావిలి, ఈత చెట్లు. వాటి మధ్య ఖాళీ దొరికిన చోటల్లా సర్కారు కంప.

నేను వీడియోలో చూసినట్టే నిలబడి తాడు వెనక్కి ఊపా. ఈగ పోయి కంపలో తగులుకుంది. తీశా. మళ్లీ ఊపా. కానుగ కొమ్మ. మళ్లీ తీశా. ఈసారి నా చొక్కా కాలరు. గంటలో పదకొండు సార్లు. నాలుగు ఈగలు పోయాయి. చేపలు కాదు కదా కప్పలు కూడా వెళ్లిపోయాయి.

మామ గట్టు మీద కూర్చుని చూస్తున్నాడు. నవ్వలేదు. అదే ఇంకా బాధ. చివరికి లేచి, "అబ్బీ, నువ్వు చేపను పట్టను వచ్చినావా, చెట్టును పట్టను వచ్చినావా?" అని అడిగి, ఒక వెదురు కర్రకి రెండు బారల దారం కట్టి, పొట్ట నేలకి ఆనేంత వంగి ఒక తుంగ దుబ్బు వెనక్కి చేరాడు. కర్ర కొనని దుబ్బు మీదుగా మెల్లగా చాచి, దారాన్ని నిలువుగా కిందికి వదిలాడు. అంతే. విసరడం లేదు, ఊపడం లేదు. నిమిషంలో అరచెయ్యంత పరక పైకొచ్చింది.

ఆ రాత్రి ఫోన్లో వెతికితే తెలిసింది. మామ చేసినదానికి ఇంగ్లిష్ వాళ్లు పెట్టుకున్న పేరు డ్యాపింగ్. చెట్లు కమ్మిన వాగుల్లో ట్రౌట్ పట్టేవాళ్లు కూడా చేసేది ఇదే. రీలు లేకుండా, కర్ర కొనకే దారం కట్టి కొండవాగుల్లో ఈగతో పట్టే పద్ధతిని జపాన్‌లో టెంకారా అంటారు. 2009 తర్వాత అది అమెరికాలో పెద్ద ఫ్యాషన్ అయింది. మామకి చెప్పా. "మన గాలపు కర్రకి జపాన్ పేరు పెట్టి ఎంతకి అమ్ముతాండారబ్బీ?" అన్నాడు. చెప్పా. ఈసారి నవ్వాడు.

చిన్న వంకలో ఏం చెయ్యాలి

తర్వాతి మూడు రోజులు మామ దగ్గరా, ఫోన్ దగ్గరా సగం సగం నేర్చుకున్నా. విచిత్రం ఏంటంటే ఇద్దరూ చెప్పింది ఒకటే.

మొదటిది, చేప ఎప్పుడూ నీళ్లకి ఎదురు తిరిగి ఉంటుంది. తిండి పైనుంచి కొట్టుకొస్తుంది కాబట్టి. అంటే మనం దిగువ నుంచి పైకి పోవాలి, దాని వీపు వైపు నుంచి. ఎగువ నుంచి దిగితే మనల్ని చూసేస్తుంది, పైగా మన కాళ్లు రేపిన బురద మనకంటే ముందే దాని దగ్గరికి చేరుతుంది.

రెండోది, నీడ. ఎండ వీపు మీద పడితే మన నీడ మనకంటే ముందు పోతుంది. నీడ మడుగులో పడిందంటే ఆ మడుగుని అరగంట మర్చిపోవచ్చు. నడక కూడా అంతే. గట్టు మీద దబదబా నడిస్తే ఆ అదురు నీళ్లలోకి తెలుస్తుంది. మామ చెప్పులు విప్పి నడుస్తాడు. నేను మంచి గ్రిప్ ఉన్న బూట్లు కొన్నా.

మూడోది, విల్లు విసురు. ఇది నాకు బాగా నచ్చింది. వెనక చోటు లేనప్పుడు వెనక్కి ఊపడం ఎందుకు? రాడ్డు పొడవుకి కొంచెం తక్కువగా తాడు వదిలి, కొక్కెం వంపుని రెండు వేళ్లతో పట్టుకుని, మొన వేలికి తగలకుండా చూసుకుంటూ, వెనక్కి లాగాలి. రాడ్డు విల్లులా వంగుతుంది. కొన ఎక్కడికి చూస్తుందో అక్కడికి గురి. వదిలెయ్యాలి. కొమ్మల కింద అడుగు సందు ఉన్నా ఈగ అందులోంచి దూరిపోతుంది. చిన్నప్పుడు చీపురుపుల్లతో, రబ్బరు బ్యాండుతో ఆడుకున్నవాళ్లకి పది నిమిషాల్లో వచ్చేస్తుంది.

నాలుగోది, ఒక్క ఛాన్సు. పెద్ద చెరువులో పదిసార్లు విసిరినా పర్లేదు. మంచమంత మడుగులో మొదటి విసురు తప్పితే అంతే. అందుకే ముందు పది నిమిషాలు కూర్చుని చూడాలి. ఎక్కడ నీళ్లు కదులుతున్నాయి, ఏ వేరు కింద చీకటి ఉంది, ఏ కొమ్మ అడ్డం. మామ ఎప్పుడూ చేసేది ఇదే. ఆయన చుట్ట కాలుస్తూ ఊరికే కూర్చున్నాడని నేను ఇన్నేళ్లూ అనుకున్నా.

ఈగలు కూడా మేమే కట్టాం. తెచ్చుకున్నవి కంపచెట్టుకి సమర్పించేశా కదా. ఇంట్లో నాటుకోడి పుంజు మెడ ఈక ఒకటి తీసి కొక్కేనికి చుడితే, ఈక పోగులు చుట్టూ విచ్చుకుని కాళ్లలా నిలబడతాయి. వాటి మీదే ఈగ నీటిపై తేలుతుంది. మీకు తెలుసా, ప్రపంచంలో ఫ్లైలు కట్టేవాళ్లు చాలాకాలంగా వాడుతున్న వాటిలో మన దేశపు పుంజుల మెడ ఈకలూ ఉన్నాయి. మన దక్షిణాది అడవికోడి మెడ మీద లక్కపూసినట్టు మెరిసే చుక్కల ఈకలుంటాయి. విలాయతీ సాల్మన్ ఫ్లైలకి ఒకప్పుడు వాటి కోసం ఎగబడేవాళ్లు. ఇప్పుడు వన్యప్రాణి చట్టం ఒప్పుకోదు, ఒప్పుకోకూడదు కూడా. మా పుంజు మాత్రం ఒక్క ఈకకే వారం రోజులు నన్ను చూసి పరిగెత్తింది.

నాలుగో రోజు పొద్దున మొదటి పరక పడింది. వేలెడుంది. నా జీవితంలో అంత ఖరీదైన చేప ఇంకోటి లేదు. తడి చేత్తో పట్టుకుని వదిలేశా. అచ్చం వీడియోలోలాగే.

ఇక్కడితో ఆపేసి ఉంటే ఈ వారం మీకు హాయిగా ఒక సరదా కాలమ్ దొరికేది.

ఐదో రోజు

ఐదో రోజు సాయంత్రం మామ తోటకి పోయాడు. నేనొక్కడినే వెళ్లా. ఎప్పుడూ పోయేదానికంటే కొంచెం పైకి. అక్కడో మడుగు ఉంది. పెద్ద కానుగ చెట్టు నీళ్ల మీదికి ఒరిగి ఉంటుంది. ఆ నీడలో, నీటి పైభాగాన, పళ్లెమంత ఎర్రటి మచ్చ. కుంకుమ కలిపినట్టు. మెల్లగా కదులుతోంది. కదిలేటప్పుడు మధ్యలో చిటపటమని సన్న బుడగలు.

దాని కింద ఒక నల్లటి నీడ. నా చెయ్యి మోచేతి నుంచి వేళ్లదాకా ఉన్నంత పొడవు. కొరమేను.

నాకు గుండె దడ మొదలైంది. సంచిలో మేక వెంట్రుకలతో కట్టిన పెద్ద ఈగ ఒకటుంది, నల్లది. మందం నైలాను ముక్కకి దాన్ని కట్టా. మోకాళ్ల మీద పాక్కుంటూ పోయా. నీడ పడలేదు, బురద రేగలేదు, కొమ్మ తగల్లేదు. విల్లులా వంచి వదిలితే ఈగ పోయి ఎర్రమచ్చ మధ్యలో పడింది. నేర్చుకున్నదంతా ఒక్క విసురులో కుదిరింది.

నీళ్లు పేలినట్టయింది. పదిహేను నిమిషాలు పట్టింది గట్టుకి లాగడానికి. కిలోన్నర పైనే ఉంటుంది. కాళ్లు వణుకుతుంటే కానుగ మొదట్లో కూర్చుని ఫొటో తీసుకున్నా. వెనక మడుగు, ఒరిగిన చెట్టు, చేతిలో చేప. స్టేటస్ పెట్టా. ఇంటికి చేరేలోపు డెబ్బై మంది చూశారు. పరకని వదిలినట్టు దీన్ని వదలాలని ఆ క్షణంలో నాకు తట్టనే లేదు.

అమ్మ పులుసు పెట్టింది. సంగటి, పులుసు. అందరం తిన్నాం. మామ సంగటి మాత్రం మజ్జిగలో కలుపుకుని తిన్నాడు. "కడుపులో బాలేదు లేక్కా" అన్నాడు అమ్మతో. తర్వాత నన్ను ఒకటే అడిగాడు. "యాడ దొరికింది?" చెప్పా. "ఎర్రగా ఉన్న్యాయా పిల్లలు?" అన్నాడు. "అవి పిల్లలా మామా?" అన్నా. ఆయన చెయ్యి కడుక్కుని లేచిపోయాడు.

పొద్దున్నే నన్ను లేపాడు. మడుగు దగ్గరికి వెళ్లేసరికి ఎనిమిదైంది. గట్టు మీద రెండు బైకుల టైరు గుర్తులు. చచ్చిన కప్ప ఒకటి, కొక్కెం గుచ్చిన గాయంతో. నా ఫొటోలో కానుగ చెట్టుని ఎవరో గుర్తుపట్టారు. రెండో కొరమేనుని కూడా పట్టుకెళ్లిపోయారు.

ఎర్రమచ్చ లేదు. చెదిరిపోయింది. ఇక్కడ నాలుగు, అక్కడ పది, బియ్యపు గింజంత ఎర్ర పిల్లలు గాలి కోసం పైకొస్తున్నాయి. పైకొచ్చినప్పుడల్లా కింద నుంచి పరకలు అందుకుంటున్నాయి. నేను మురిపెంగా వదిలిపెట్టిన పరకల్లాంటివే. అవతలి ఒడ్డున రెండు కొంగలు నిలబడి ఉన్నాయి. వాటికేం తొందర లేదు.

మామ తిట్టలేదు. చుట్ట కూడా వెలిగించలేదు. కాసేపు చూసి, "మా నాయన చెప్పేటోడు, ఎర్రమచ్చ కనపడితే ఆ పొద్దుకి గాలం చుట్టుకోని ఇంటికి రావల్లని. నీకు చెప్పకపోవడం నాదే తప్పు" అన్నాడు. నేను ఉన్న మిగతా మూడు రోజులూ ఆయన వంకకి రాలేదు. తోటలో పని ఉందన్నాడు.

ఒక్క చేప లెక్క

బెంగళూరు వచ్చాక చదివా. చదవాల్సింది ముందు కదా అంటారా? అవును.

కొరమేను మామూలు చేప కాదు. మొప్పలతో పాటు నేరుగా గాలి పీల్చుకునే ఏర్పాటు దానికి ఉంది. అందుకే నీళ్లు తగ్గి, బురదైపోయినా అది చావదు. తడి బురదలోకి దూరి వాన కోసం కాచుకుంటుంది. తెలంగాణ దాన్నే రాష్ట్ర చేపగా పెట్టుకుంది. వానలు పడి కొత్త నీళ్లు రాగానే జత కట్టి, గడ్డి మధ్య కొంచెం చోటు శుభ్రం చేసుకుని గుడ్లు పెడుతుంది. ఒకటి రెండు రోజుల్లో పిల్లలు. అవే ఎర్రటి గుంపుగా పైకీ కిందికీ తిరుగుతుంటాయి. కొన్ని వారాలు తల్లిదండ్రులు కాపలా. దగ్గరికి కప్ప వచ్చినా, పాము వచ్చినా, మన కాలు వచ్చినా మీదికి దూకుతాయి.

అంటే ఆ సాయంత్రం నా ఈగని అది తినడానికి నోరు తెరవలేదు. తరమడానికి వచ్చింది. ఆ విసురు నా నైపుణ్యమని డెబ్బై మందికి చెప్పుకున్నా. పిల్లల మీద పడినదాన్ని కొట్టడానికి ఏ తల్లయినా వస్తుంది, దానికి నైపుణ్యం ఎందుకు?

ఏడాది పొడుగునా పారే పెద్ద ఏటిలో ఒక జత పోతే ఇంకో జత ఉంటుంది. మా వంక అలా కాదు. ఫిబ్రవరి, మార్చికల్లా ఇసుక మిగులుతుంది. రెండు మూడు మడుగులు ఎండాకాలాన్ని ఈదితే, వాటిలోంచి బయటపడ్డ ఏ నాలుగు జతలో తర్వాతి వానకి వంకనంతా నింపాలి. వంక మా ఊళ్లో చేపల బ్యాకప్ సర్వర్ అనుకుంటే, నేను ఫొటో కోసం పీకింది అందులో ఒక డిస్క్.

వానలు కూడా మాకు మధ్యస్తంగా రావు. 2021 నవంబరు 19న చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగినప్పుడు పులపత్తూరు, మందపల్లి వైపు ఏం జరిగిందో మీరు వార్తల్లో చూశారు. మనుషులు, ఇళ్లు, పశువులు, పొలాలు పోయాయి. దాని ముందు చేపల మాట ఎత్తడానికే నోరు రాదు. కానీ ఆ నీళ్లూ కరువూ రెండూ చూసిన నేల మీద ఏదైనా బతికి మళ్లీ పిల్లల్ని పెట్టిందంటే, దాన్ని ఇంకొంచెం గౌరవంగా చూడాలనిపిస్తుంది.

మీరు వెళ్తానంటే

గాలం వెయ్యొద్దని చెప్పడానికి రాయడం లేదిది. వెయ్యండి. మీ ఊళ్లో వంక ఉంటే, వాగు ఉంటే, తప్పకుండా వెళ్లండి. ఫోన్ లేకుండా రెండు గంటలు ఒకే చోట కూర్చోవడం ఎంత కష్టమో, ఎంత బాగుంటుందో తెలుస్తుంది. కొన్ని మాటలు మాత్రం.

పదివేల రాడ్డు అక్కర్లేదు. మీ తాత వాడిన వెదురు కర్ర, దాని పొడవంత దారం, ఒక పుంజు ఈక చాలు. కొక్కేనికి లోపల ఉండే ఎదురుముల్లుని పట్టుకారుతో నొక్కేయండి. చేపకీ, మీ వేలికీ ఇద్దరికీ మంచిది. వదిలే చేపని పొడి చేత్తో పట్టుకోవద్దు, దాని ఒంటి మీద జిగురు పోతే రోగాలొస్తాయి.

ఎర్రమచ్చ కనిపిస్తే గాలం చుట్టేయండి. ఎంత పెద్ద చేపైనా సరే.

ఫొటో తీసుకుంటే చేపది తీసుకోండి, చెట్టుది వద్దు. లొకేషన్ అసలే వద్దు. వంక పేరు ఎందుకు చెప్పలేదో ఇప్పుడు అర్థమైంది కదా.

బ్లీచింగ్ పొడి చల్లేవాళ్లు, ఇన్వర్టరుతో కరెంటు పెట్టేవాళ్లు మీ ఊళ్లోనూ ఉండొచ్చు. కరెంటు పెడితే పెద్దా చిన్నా తేడా లేకుండా దెబ్బ తగులుతుంది, ఒక్కోసారి పెట్టినవాడికి కూడా. నీళ్లలో మందు పాతర పేల్చడం, విషం కలపడం నేరమని 1897 నాటి ఫిషరీస్ చట్టమే చెప్పింది. ఇవ్వాళ కొత్తగా వచ్చిన పర్యావరణ ఫ్యాషన్ కాదిది.

శేషాచలం వైపు వాగులు రిజర్వు ఫారెస్టులో ఉంటాయి. ఎర్రచందనం ఉన్న అడవి. పర్మిషన్ లేకుండా లోపల అడుగు పెడితే మీ గొట్టంలో ఉన్నది గాలమని నమ్మించడం కష్టం. అడవి దాటి ఊళ్లవైపు వచ్చిన నీళ్లు చాలు మనకి. పైన కొండ మీద మబ్బు పడితే, మీ దగ్గర ఎండ కాస్తున్నా సరే, వంకలోంచి బయటికి వచ్చేయండి. కొండవాగు చెప్పి రాదు.

ఈ దీపావళికి

మొన్న దీపావళికి మళ్లీ ఊరెళ్లా. రాడ్డు తీసుకెళ్లలేదు. వెళ్లిన రోజు మామ ఇంటికి రాలేదు. రెండో రోజు నేనే తోటకి వెళ్లా. బొప్పాయి కాయలు పేపరులో చుడుతున్నాడు. నేనూ కూర్చుని చుట్టా. గంటసేపు కాయల రేటు గురించి, అమ్మ మోకాళ్ల గురించి మాట్లాడుకున్నాం. లేచేటప్పుడు ఆయనే అడిగాడు.

"యాడబ్బీ, నీ మైకు స్టాండు?"

"తేలేదు మామా."

"ఎందుకూ?"

ఏం చెప్పాలో తెలీక ఊరుకున్నా. మామ చేతులు దులుపుకుని, పాక చూరులోంచి రెండు వెదురు కర్రలు దించాడు. ఒకటి నాకిచ్చాడు.

కానుగ చెట్టు మడుగులో నీళ్లు బాగానే ఉన్నాయి. చెప్పులు విప్పి, దిగువ నుంచి, ఎండ ముఖాన పడేలా వెళ్లాం. కాసేపు కూర్చుని చూశాం. ఎర్రమచ్చ లేదు. కొరమేను లేదు. పరకలు మాత్రం చుక్కలు చుక్కలుగా లేస్తున్నాయి.

కిందికి ఇంకో రెండు మలుపులు దిగాం. అక్కడ జమ్ము దట్టంగా ఉన్న ఒక గుంట. ఇంతకుముందు ఎప్పుడూ ఆగని చోటు. మామ సడన్‌గా నా చెయ్యి పట్టుకుని ఆపాడు. జమ్ము మధ్యలో, సాసరంత చిన్నది. ఎర్రగా. మధ్యలో సన్న బుడగలు.

నా చెయ్యి అలవాటుగా జేబులో ఫోన్ దగ్గరికి పోయింది. మామ చూశాడు. నేను చెయ్యి బయటికి తీసేశా. ఇద్దరం కర్రలకి దారం చుట్టుకుని, చీకటి పడేదాకా అక్కడే కూర్చున్నాం. ఒకసారి ఒక కప్ప దాని దగ్గరికి ఈదుకుంటూ పోయింది. నీళ్లు పేలినట్టయ్యాయి. కప్ప వెనక్కి చూడకుండా గట్టెక్కింది.

మామ చుట్ట వెలిగించాడు.

వచ్చే వారం మళ్లీ కలుద్దాం. ఈలోపు మీ ఊరి వంకలో నీళ్లున్నాయేమో ఒకసారి ఇంటికి ఫోన్ చేసి అడగండి.